హౌల్, సోఫీల ప్రేమ నెమ్మదిగా పండిందా, ఆఖరి పేజీలో అంటించారా?

గోదారిగట్టు: డయానా విన్ జోన్స్ ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ (1986) మూడోసారి చదివాను. దీని ఆధారంగా జపాన్ దర్శకుడు మియజాకి తీసిన యానిమేషన్ సినిమా (2004) మాత్రమే చూసినవాళ్లు నవల తప్పక చదవండి. ముగ్గురు అక్కచెల్లెళ్లలో పెద్దది సోఫీ. కథ జరిగే దేశంలో పెద్దపిల్లకి కలిసిరాదని అందరి నమ్మకం. మన కథల్లోనూ బాలనాగమ్మ ఏడుగురిలో చిన్నదే కదా. టోపీల కొట్లో కుట్టుకుంటూ కూర్చున్న సోఫీని మంత్రగత్తె ముసలమ్మగా మార్చేస్తుంది. ఆమె వెళ్లి, మాంత్రికుడు హౌల్ కోటలో పనిమనిషిగా తిష్ఠ వేస్తుంది. పొయ్యిలో ఉండే నిప్పుభూతం కాల్సిఫర్‌తో బేరం, హౌల్‌తో రోజూ తగవు. ఆ తగవుల్లోంచే ప్రేమ పుట్టిన తీరు నాకు ప్రాణం. మీకెలా అనిపించింది?

పాత_చందమామ: మనుషుల్ని చెక్కిన తీరు గొప్పది, ఒప్పుకుంటాను. ప్రేమ మాత్రం లేదు. హౌల్ ముందు సోఫీ చెల్లెలు లెట్టీ వెంట, తర్వాత మిస్ ఆంగోరియన్ అనే టీచరు వెంట తిరుగుతాడు. అమ్మాయి మనసిచ్చేదాకే అతనికి ఆసక్తి అని శిష్యుడు మైకేలే చెబుతాడు. పైగా అతనికి గుండే లేదు, కాల్సిఫర్‌కి ఇచ్చేశాడు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు. అది తిరిగొచ్చిన కాసేపట్లోనే కలకాలం కలిసుందాం అంటే ఎలా నమ్మాలండీ?

వేసవిసెలవు: నేనింకా సగంలోనే ఉన్నాను. ముగింపు చెప్పేశారు.

గోదారిగట్టు: క్షమించండి వేసవిసెలవు గారూ. చందమామ గారూ, గడ్డం సంగతి మరిచిపోయారు. హౌల్ గంటల తరబడి స్నానాలగదిలో సింగారించుకుంటాడు. అది మరిచిపోయిన రోజున నిజంగా ప్రేమలో పడ్డాడని నమ్ముతానంటాడు మైకేల్. ఆఖర్న మంత్రగత్తె కోటకి సోఫీ కోసం ఎలా వస్తాడు? గడ్డం గీసుకోకుండా, జుట్టు చెదిరిపోయి, కళ్లు ఎర్రబడి. అప్పటికి గుండె తిరిగి రాలేదు. రచయిత్రి ఎక్కడో ముందు ఒక్క మాట నాటి, అంత దూరాన కోతకు తెచ్చింది. నెమ్మదిగా పండటం అంటే ఇదే.

పాత_చందమామ: గుండె లేకుండానే ప్రేమించగలిగితే, గుండె తిరిగి తెచ్చి పెట్టడానికి అర్థమేముంది? కథంతా దానిమీదే కదా నిలబడింది. గడ్డం గీసుకోకపోవడం తొందరకి గుర్తు, ప్రేమకి కాదు.

కిటికీపక్కసీటు: 1990లో వచ్చిన రెండో పుస్తకంలో వాళ్లిద్దరికీ బాబు కూడా పుడతాడు.

పాత_చందమామ: బాబు పుట్టడం సాక్ష్యం కాదండీ. గుండె ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

నీలిమ_కాజీపేట: నేను చెప్త. మేం ముగ్గురం ఆడపిల్లలం, నేనే పెద్దదాన్ని. మా నాయిన పోయినప్పుడు నేను ఇంటర్ల ఉన్న. ఆ నెల నుంచే బట్టల షాపుల గల్లపెట్టె కాడ కూసున్న. చెల్లెండ్లు చదువుకున్నరు, పెండ్లిళ్లయినయ్. సోఫీ ఒక్కతే కూసొని టోపీలతోని మాట్లాడుతుంటే నాకు ఏడుపాగలే. నేను సుత చీరలతోని మాట్లాడిన. ఆమె మీదున్న మాయని హౌల్ ఎప్పుడో కనిపెట్టిండు. ఆమెకు తెల్వకుంట తీసేయనీకి చూసిండు, పోలే. ఈ ముసలి వేషం నీకే ఇష్టమనుకున్న అంటడు ఆఖరికి. గుండె ఉన్నోళ్లు నా చుట్టూ ఎంతమందో, ఒక్కలకన్న కనవడ్డదా నా వేషం?

పాత_చందమామ: మీ కష్టం నాకు అర్థమైంది. అయితే మీ జీవితం వేరు, పుస్తకం వేరు. కనిపెట్టి కూడా ఆమె చేతే ఇల్లు ఊడిపించుకున్నాడు. దాన్ని ప్రేమ అనుకుంటే మన ఆడవాళ్లు ఎప్పటికీ బాగుపడరు.

నీలిమ_కాజీపేట: బాగుపడుడు నాకు మీరు నేర్పకుండ్రి. ఇరవై రెండేండ్ల నుంచి షాపు నేనే నడుపుతున్న.

గోదారిగట్టు: ఇద్దరూ కాస్త ఆగండి. చందమామ గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి.

పాత_చందమామ: తీసుకుంటున్నాను. నీలిమ గారూ, తప్పు నాదే. ఎందుకంత కోపమొచ్చిందో చెబుతాను. మా అక్కకి ఇలాంటివాడితోనే పెళ్లి చేశారు. అందగాడు, మాటకారి, బాధ్యత అనేసరికి ఇంట్లో ఉండడు. హౌల్ కూడా రాజుగారి పని తప్పించుకోవడానికి ఎన్ని వేషాలు వేస్తాడో చూడండి. “పెళ్లయితే మారతాడు, నీ ఓపికే వాణ్ని దారికి తెస్తుంది” అన్నారు అక్కతో పెద్దలంతా. పంతొమ్మిదేళ్లయింది. ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది. మా అమ్మాయి పదో తరగతి. ఈ పుస్తకం దాని చేతిలో చూసి నాకు భయమేసింది. ఓపిగ్గా ఉంటే గుండె లేనివాడిలోకి గుండె వస్తుందని అది నమ్మకూడదు.

నీలిమ_కాజీపేట: అగో, ఈ మాట మొదలే చెప్తే అయిపోవు. మీ అక్కను తలుచుకుంటే నాకు సుత బాధయితుంది. కని సోఫీ ఓపిక పట్టలే. కోపమొస్తే అతని నీలం వెండి సూటు తీస్కొని కత్తెరతోని ముక్కలు ముక్కలు కోసింది. మొఖం మీదనే తిట్టింది. ముసల్ది అయినంకనే ఆమెకు నోరొచ్చింది. పడుచుపిల్లగ ఉన్నప్పుడు హౌల్ పలకరిస్తెనే వణికింది. నాకు ఆ పుస్తకంల నచ్చింది గదే. ఆమె మాట్లాడితె అతను అలుగుతడు, పారిపోతడు, కని ఆమె నోరు మూపియ్యడు.

గోదారిగట్టు: అవును, ఆఖరి సంభాషణలో కూడా ఆ సూట్ల మాట వస్తుంది. నువ్వు నన్ను వాడుకుంటావు అని ఆమె, నువ్వు నా సూట్లు కోసేస్తావు అని అతను. మంచివాడిగా మారిపోతానని హౌల్ ఎక్కడా మాటివ్వడు.

పాత_చందమామ: మా అక్క ఒక్కసారి గొంతెత్తితే ఆ రాత్రి పుట్టింటికి పంపేశాడు. మూడో రోజున మా నాన్నే తీసుకెళ్లి దిగబెట్టి వచ్చాడు. అరిచినా అదే ఇంట్లో ఉండగలగడం సోఫీకి దొరికింది. ఆ తేడా నేను చూడలేదు, నీలిమ గారూ. హౌల్‌ని మాత్రం ఒప్పుకోను. పుస్తకం మా అమ్మాయికి తిరిగి ఇచ్చేస్తాను. సూటు కోసే అధ్యాయం దగ్గర పక్కన కూర్చుని కలిసి చదువుతాం.

వేసవిసెలవు: నేను సరిగ్గా అక్కడికే వచ్చాను. ఇక మీద ఎవరూ ఏమీ చెప్పకండి.