1888 మంచు తుఫాను: చలికి అంతమంది ఎలా పోయారండీ?

గోదారిగట్టు:
మనకి తుఫానంటే ఉప్పెన, పడిపోయిన కొబ్బరి చెట్లు. 1888 జనవరి 12న అమెరికాలో డకోటా, నెబ్రాస్కా మైదానాల్లో మంచు తుఫానుకి 235 మంది దాకా పోయారంట, బడిపిల్లలే చాలామందంట. నీళ్లు ముంచలేదు కదా, తలుపేసుకుని కూర్చుంటే సరిపోయేది కాదా?

ముమ్మిడివరం మాస్టారు:
తలుపేసుకున్నవాళ్లు చాలావరకు బతికారండి. పోయినవాళ్లలో ఎక్కువమంది దారిలో చిక్కుకున్నవాళ్లే. అప్పటిదాకా ఎముకలు కొరికే చలి, ఆ పొద్దున మాత్రం వెచ్చగా తెల్లారింది. పశువుల్ని వదిలారు, పిల్లలు పల్చటి బట్టలతో బడికెళ్లారు. వాయవ్యం నుంచి గాలి నిమిషాల్లో మీద పడింది. మంచు రేకుల్లా కాదు, తవుడు ఎగరేసినట్టు మెత్తటి పొడి. రెప్పలు గడ్డకట్టి అతుక్కుపోయాయి, చాపిన చెయ్యి కనబడలేదు. నెబ్రాస్కాలో సరిగ్గా బడి వదిలే వేళకి వచ్చింది. అదే అర్ధరాత్రి వచ్చుంటే లెక్క వేరేలా ఉండేది.

రాజోలు రైతు:
అసలు చంపింది దూరం. సాగు చేసుకునేవాళ్లకి సర్కారు భూమి ఇచ్చే 1862 హోంస్టెడ్ చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాలు, అంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పు. ఇల్లూ ఇల్లూ మధ్య చెట్టు లేదు, గట్టు లేదు. మన దగ్గర చీకట్లోనైనా కాలవ గట్టు పట్టుకుపోతే ఏదో కొంప తగులుతుంది. అక్కడ పది అడుగులు పక్కకి జరిగితే ఇల్లు తప్పిపోయినట్టే. గాలికి ఎదురు నడవలేక, తెలీకుండానే ఆగ్నేయానికి కొట్టుకుపోయారు. గుమ్మం నుంచి పశువుల కొట్టానికి తాడు కట్టుకుంటే దాన్ని పట్టుకుని వెళ్లి రావచ్చు. బయట చిక్కితే నడక ఆపి, గడ్డిమేటులో గాలి తగలని వైపు తొలుచుకుని దూరడమే మేలు. అలా బతికినవాళ్లున్నారు, కానీ కాళ్లు తీసేయాల్సి వచ్చింది కొందరికి.

గోదారిగట్టు:
మరి హెచ్చరిక లేదా మాస్టారూ? మనకి కాకినాడ రేవులో నంబరు ఎగరేస్తారుగా.

ముమ్మిడివరం మాస్టారు:
ఉందండి. అప్పట్లో వాతావరణం చూసేది సైన్యంలోని సిగ్నల్ కోర్. చలిగాలి వస్తుందంటే తెల్లగుడ్డ మీద నల్ల చతురస్రం ఉన్న జెండా ఎగరేసేవారు. తంతి అందే ఊళ్లకే ఆ కబురు, పొలంలో ఒంటరి కొంపకి ఎవరు చెబుతారు? మిన్నీ ఫ్రీమన్ అనే పంతులమ్మ బడి పైకప్పు లేచిపోతే పిల్లల్ని దగ్గరి ఇంటికి చేర్చింది. తాడు కట్టి నడిపించిందన్నది మాత్రం వివాదమే.

ఇంకోటి, రాత్రంతా బతికి పొద్దున్నే లేచి నాలుగడుగులు వేసి కూలిపోయినవాళ్లున్నారు. బిగుసుకున్న కాళ్లూ చేతుల్లోని చల్లటి రక్తం గుండెకి చేరి లయ తప్పుతుంది. అలాంటివాళ్లని నడిపించకూడదు, ఒళ్లు రుద్దకూడదు. తడిబట్టలు తీసేసి, పడుకోబెట్టి, ముందు ఛాతీ, పొట్ట దగ్గర వేడి చెయ్యాలి.