స్పానిష్ "తెనేర్": "నాకు ఉంది" అనబోతే ప్రతిసారీ తప్పెందుకు వస్తోంది?

మూడో_పాఠం (ప్రశ్న)

డెలే ఏ2 (స్పానిష్ భాషా పరీక్ష)కు చదువుతున్నాను. తెనేర్ (కలిగి ఉండు) క్రియకు తేంగో, త్యేనెస్, త్యేనె, తెనేమోస్, తెనేయిస్, త్యేనెన్: ఈ పట్టిక నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అనబోయి "మె త్యేనెన్ దోస్ ఎర్మానోస్" అనేస్తున్నాను. భూతకాలంలో "తూబె" ఎక్కడ వాడాలో, "తెనీయా" ఎక్కడ వాడాలో అసలు తేలడం లేదు. బట్టీ పట్టడం కాకుండా ఏం చేయాలి?

క్రియాపదం

పట్టిక మీకు బాగానే వచ్చిందండీ, తప్పు తెలుగు వాక్యంలోంచి వస్తోంది. "కలిగి ఉండు" మనకు పుస్తకాల్లో తప్ప నోట్లో లేదు. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు"లో క్రియ అన్నల్ని బట్టి మారుతుంది. తెనేర్ మాత్రం ఎవరికి ఉన్నారో వాళ్లను బట్టి మారుతుంది. అన్నలు ఇద్దరైనా పదిమందైనా "తేంగో"నే: తేంగో దోస్ ఎర్మానోస్.

ఆ "మె" కూడా ఊరికే రాలేదు. "మె గూస్తా" అచ్చం మన "నాకు ఇష్టం"లాగే నడుస్తుంది. అక్కడ కలిసొచ్చిన అలవాటు ఇక్కడ కాళ్లకు అడ్డం పడుతోంది. అందుకని నోరు తెరిచే ముందు తెలుగులోనే "నాకు"ను "నేను"గా, "మాకు"ను "మేము"గా, "వాళ్లకు"ను "వాళ్లు"గా మార్చుకోండి. రోజుకు పది వాక్యాలు పైకి అనండి. వయసు (తేంగో బేయింతిసీంకో ఆన్యోస్), జ్వరం (తేంగో ఫ్యేబ్రె), ఆకలి, దాహం, చలి, నిద్ర, భయం అన్నీ ఇందులోకే వస్తాయి.

"చాలా ఆకలి"కి "ముయ్" (విశేషణాల ముందు వచ్చే "చాలా") పెట్టకండి. ఆంబ్రె (ఆకలి) నామవాచకం, పైగా స్త్రీలింగం కాబట్టి "మూచా ఆంబ్రె". ఫ్రీయో (చలి) పుంలింగం, దానికి "మూచో ఫ్రీయో". ఉక్కపోస్తుంటే "తేంగో కలోర్" అనాలి. "ఎస్తోయ్ కాల్యేంతె" అంటే కామం అనే అర్థం వస్తుంది, జాగ్రత్త.

నొక్కి_పలుకు

పై జవాబుకు ఒక సవరణ. ప్రతి "ఉంది"కీ తెనేర్ పెడితే మళ్లీ దెబ్బతింటారు. "పుస్తకం బల్ల మీద ఉంది" అంటే ఎస్తా. "బల్ల మీద ఒక పుస్తకం ఉంది" అంటే ఆయ్. "నా దగ్గర పుస్తకం ఉంది" అంటేనే తేంగో. వాక్యంలో నాకు, నా దగ్గర, మాకు లాంటి మాట ఉందా అని ముందు చూసుకోండి.

రూపాల సంగతి: నొక్కు మొదటి అక్షరం మీద పడితే "తె" విరిగి "త్యే" అవుతుంది. తెనేమోస్, తెనేయిస్‌లలో నొక్కు రెండో అక్షరానికి జరిగింది కాబట్టి మామూలుగా ఉండిపోయింది. తేంగో ఒక్కటే దారి తప్పింది, మధ్యలో గకారం దూరింది. అదే గకారం "నో తేంగాస్ మ్యేదో" (భయపడకు)లోనూ కనిపిస్తుంది. పలికేటప్పుడు "త్యే"లో యకారం మింగేస్తే తేనె అయిపోతుంది! త మన "తల"లోని తకారమే, ట కాదు.

మూడో_పాఠం

"నాకు"ను "నేను" చేయడం వెంటనే పనిచేసిందండీ. మరి తూబె, తెనీయా?

క్రియాపదం

ఇక్కడ తెలుగు మీకు సాయం చేస్తుంది. "నిన్న ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చింది" అంటే వెళ్లారన్నమాట: అయేర్ తూబె కె ఈర్ అల్ ఒస్పితాల్. "వెళ్లాల్సి ఉండింది" అంటే వెళ్లారో లేదో ఇంకా చెప్పలేదు: తెనీయా కె ఈర్. దాని వెనక చాలాసార్లు "పెరో" (కానీ) వస్తుంది. "వచ్చింది" అనిపిస్తే తూబె, "ఉండింది" అనిపిస్తే తెనీయా. యాక్సిడెంట్ జరిగిందంటే తూబె. చిన్నప్పుడు కుక్క ఉండేదంటే తెనీయా. "నాకు పదేళ్లప్పుడు" అనడానికి ఎప్పుడూ తెనీయానే: క్వాందో తెనీయా ద్యేస్ ఆన్యోస్.

ఎక్కువమంది చేసే తప్పు "కొమీ, కొమ్యో" (తిన్నాను, తిన్నాడు) చూసి "తెనీ, తెన్యో" అనడం. సరైనవి తూబె, తుబీస్తె, తూబో, తుబీమోస్, తుబీస్తెయిస్, తుబ్యేరోన్. తూబె, తూబోలలో నొక్కు మొదటి అక్షరం మీదే, రాతలో స్వరచిహ్నం ఉండదు. ఎస్తార్ (ఉండు)కు ఎస్తూబె, అందార్ (నడుచు)కు అందూబె ఇదే అచ్చు.

నొక్కి_పలుకు

రాతలో ఇంకొకటి: "ఆన్యోస్"లో ఎన్ మీది గీత వదిలేయకండి. అది పోతే ఏళ్లు కాస్తా మలద్వారాలవుతాయి. ఫోన్‌లో ఎన్ అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే గీత ఉన్నది దొరుకుతుంది.