‘లివిడ్’ మంట ఏ రంగు?

— ఇంగ్లీషు కవి మిల్టన్ తన కావ్యం ‘పారడైజ్ లాస్ట్’ మొదటి పుస్తకంలో నరకాన్ని చూపిస్తూ ‘లివిడ్ ఫ్లేమ్స్’ అంటాడు కదా. తర్వాత ‘పేల్ అండ్ డ్రెడ్‌ఫుల్’ అనో, ‘డిమ్’ అనో... గుర్తు రావడం లేదు. తెలుగులో ‘కమిలిన మంటలు’ అంటే నప్పుతుందా?

— ‘పేల్’ అనే. కానీ మంట కమలదు, మంట తగిలిందే కమలుతుంది.

— ‘కమలు’ కాదండీ, ‘కములు’. కదులు–కదిలి, నలుగు–నలిగి. ‘కమలు’ అయితే ‘కమలి’ కావాలి, ‘కమిలి’ ఎలా వస్తుంది?

— ‘కమలుతుంది’ దగ్గర పట్టుకున్నారు, సరే. ‘కమలదు’ జోలికి మాత్రం రాకండి. కదులు–కదలదు, నలుగు–నలగదు.

— రంగు సంగతి చూడండి. లాటిన్ ‘లివిడుస్’ అంటే సీసం ఛాయ, దెబ్బ తగిలిన చోటి నీలి నలుపు. వర్జిల్ తన లాటిన్ కావ్యం ‘ఈనీడ్’ ఆరో పుస్తకంలో, చనిపోయినవాళ్లని ఏరు దాటించే కేరన్ పడవ నడిపే నీళ్లకి ఈ మాటే వేశాడు. మిల్టన్ అక్కణ్ణుంచే దించి ఉండాలి.

— అంత దూరం ఎందుకు? మిల్టన్ మొదటి పుస్తకంలోనే కాస్త పైన, ఎంత మండినా తరగని గంధకం ఉంది. గంధకం నీలంగా మండుతుంది, వెలుగు బహు తక్కువ. మంట లివిడ్, అది పరిచే వెలుగు పేల్. రెండూ ఒకే రంగని చదివితే పద్యం చెడుతుంది.

— 1652కే చూపు పూర్తిగా పోయిన కవి, 1667లో అచ్చయిన కావ్యం. ఆ నీలం ఎక్కడ దాచుకున్నాడో!

— వైద్యంలో ‘లివిడిటీ’ అంటే ప్రాణం పోయాక నెత్తురు కిందికి దిగి పేరుకున్న చోట తేలే ఊదా నీలం. సుమారు 8–12 గంటలకు స్థిరపడుతుంది. ఈలోపు వేలితో నొక్కితే తెల్లబడుతుంది, నేలకి ఆనిన భాగం ఎటూ తెల్లగానే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోతే చెర్రీ ఎరుపు, అయినా పేరు లివిడిటీయే.

— మరి ‘హీ వాజ్ లివిడ్’ని ‘ముఖం జేవురించింది’ అని అనువదించేవాళ్లని ఏమనాలి? జేవురు ఎర్రమన్ను!

— కోపం అర్థం 20వ శతాబ్దిది. అక్కడ రంగు ఎవరికీ గుర్తుండదు, ‘మండిపడ్డాడు’ చాలు. మరీ రంగు కావాలంటే ‘ముఖం కందగడ్డ చేసుకున్నాడు’.

— కందడం ఎరుపు కదా. ఎండకి కందుతుంది, దెబ్బకి కమిలిపోతుంది.

— కందగడ్డ దుంప మహాశయా, కందడం కాదు.

— పోతన ‘నల్లనివాడు’ అన్నప్పుడు ఆ నలుపులో నీలం లేదూ? ‘నల్లని మంటలు’ అనేయండి, పీడా పోతుంది.

— అప్పుడు ‘పేల్’ని ఎక్కడ పెడతారు? నేనైతే ‘కమిలిన నీలి మంటలు’ అంటాను.

— మంట కమలదని మొదటి జవాబులోనే చెప్పాను.

— అది వ్యాకరణమా, భౌతికశాస్త్రమా?