ఓపెన్‌బీఎస్‌డీ సర్వర్‌లో ఎక్స్ సెట్లు వదిలేయాలా, అన్నీ వేసుకోవాలా?

గట్టుమీద_పిల్లి:
చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) ఒకటి తీసుకున్నాను. 1 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. ఓపెన్‌బీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) 7.8 వేస్తున్నాను. పని ఇంతే: హెచ్‌టీటీపీడీ వెబ్ సర్వర్‌తో రెండు స్టాటిక్ సైట్లు, మెయిల్‌కి ఎస్ఎంటీపీడీ. ఇన్‌స్టాలర్ సెట్ల (సిస్టమ్‌ని భాగాలుగా కట్టిన ఫైళ్ళ మూటల) దగ్గర ఆగి ఉంది. కెర్నెళ్ళ కింద బేస్ (అసలు సిస్టమ్), కంప్ (కంపైలర్), మ్యాన్ (సహాయ పేజీలు), గేమ్ (ఆటలు), ఆ తర్వాత ఎక్స్‌బేస్, ఎక్స్‌షేర్, ఎక్స్‌ఫాంట్, ఎక్స్‌సర్వ్. అన్నిటి పక్కనా గుర్తు ముందే పెట్టేసి ఉంది. ఎక్స్ విండో సిస్టమ్ (గ్రాఫిక్స్ తెర) నడుపుతారా అని అంతకుముందే అడిగితే నో అన్నాను, అయినా ఎక్స్ సెట్లు అలాగే ఉన్నాయి.

మానిటరే లేని మెషీన్‌కి ఎక్స్ సర్వర్ ఏంటి, ఫాంట్లేంటి, ఆటలేంటి? అధికారిక ఎఫ్‌ఏక్యూ మాత్రం కొత్తవాళ్ళయితే అన్నీ వేసుకోమంటోంది. మీరేం చేస్తారు? కారణం కూడా చెప్పండి. "నేను ఎప్పుడూ ఇలాగే" అంటే నాకేం తెలియదు.

పాతకాపు:
అన్నీ వేసుకో తమ్ముడూ. నువ్వు నో అన్న ప్రశ్న సెట్ల గురించి కాదు. ఎక్స్ సర్వర్ వీడియో హార్డ్‌వేర్‌ని నేరుగా తాకడానికి కెర్నెల్ ఒప్పుకోవాలా వద్దా అన్న ఒక్క సెట్టింగ్ దానితో మారుతుంది. దాన్ని సెట్ల ఎంపిక అనుకుని ఇరుక్కునేవాళ్ళు చాలామంది.

ఇక లెక్క చూడు. బేస్ ఒక్కటే 300 ఎంబీ దాటుతుంది. కంప్ 70 పైన. నాలుగు ఎక్స్ సెట్లూ కలిపినా 100 ఎంబీకి అటూ ఇటూ. ఆటల సెట్ 3 ఎంబీ కూడా ఉండదు. డౌన్‌లోడ్‌లో మిగిలేది ఇంతే. డిస్క్‌లో మిగులుతుందంటావా, ఇన్‌స్టాలర్ చూపించే ఆటో లేఅవుట్ (డిస్క్ విభజన) ఒప్పుకుని ఉంటే ఎక్స్ ఫైళ్ళుండే ఎక్స్11ఆర్6 డైరెక్టరీకి వేరే పార్టిషన్ పడే ఉంటుంది. సెట్లు వేయకపోతే ఆ పార్టిషన్ ఖాళీగా పడి ఉంటుంది తప్ప ఆ చోటు యూఎస్ఆర్‌కి (సిస్టమ్ ప్రోగ్రాములుండే డైరెక్టరీకి) రాదు. ఎఫ్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్‌ని పెంచడానికి గ్రోఎఫ్ఎస్ ఉంది, తగ్గించడానికి ఏమీ లేదు. ఏం సాధించినట్టు?

రూట్‌బాబు:
పాతకాపు గారూ, ఎంబీల లెక్క ఎవరడిగారండీ. ఇక్కడ విషయం సెక్యూరిటీ.

2018 అక్టోబర్ గుర్తుందా? 6.4 విడుదలైన వారానికే ఎక్స్.ఆర్గ్ సర్వర్‌లో లోపం బయటపడింది. ఎక్స్‌ఆర్గ్ బైనరీ అప్పట్లో సెట్‌యూఐడీ రూట్, అంటే ఎవరు నడిపినా రూట్ (అడ్మిన్) హోదాలో నడిచేది. లాగ్‌ఫైల్ ఆప్షన్‌కి మామూలు యూజర్ ఏ ఫైల్ పేరిచ్చినా రూట్ హోదాలో దాని మీద రాసేసేది. పాస్‌వర్డ్ ఫైల్ మీద కూడా. అంటే లాగిన్ ఉన్న ఎవడైనా రూట్ అయిపోవచ్చు. ప్రాజెక్టువాళ్ళు ఎర్రాటాలో (విడుదల తర్వాతి దిద్దుబాట్ల పేజీలో) ఇచ్చిన తక్షణ ఉపాయం ఏంటి? సీహెచ్‌మోడ్‌తో ఆ సెట్‌యూఐడీ బిట్ పీకేయమని. ఎక్స్‌సర్వ్ సెట్ వేయనివాడికి ఆ బైనరీయే లేదు, ఆ రాత్రి హాయిగా పడుకున్నాడు. డిస్క్‌లో లేని ఫైల్‌కి ప్యాచ్ అక్కర్లేదు, నేను చెప్పేది అంతే.

అది పాత కథ అంటారేమో. చాలా రిలీజ్‌ల ఎర్రాటా పేజీల్లో ఎక్స్ సర్వర్ పేరు మీద ఒకటో రెండో ప్యాచ్‌లు కనిపిస్తూనే ఉంటాయి.

పాతకాపు:
సగం చెప్పి ఆపావు బాబూ. ఆ తర్వాత 6.5 నుంచి ఎక్స్‌ఆర్గ్‌ని సెట్‌యూఐడీ లేకుండానే ఇస్తున్నారు. ఎక్స్ కావాలంటే జీనోడీఎమ్ (గ్రాఫిక్స్ లాగిన్ తెర) ద్వారా మొదలుపెట్టుకోవాలి. ఇవాళ 7.8లో నడపని ఎక్స్‌ఆర్గ్ డిస్క్ మీద పడి ఉండే మామూలు ఫైల్.

పైగా 2018 లోపానికి కూడా ముందు లోకల్ యూజర్ కావాలి. ఈ అబ్బాయి సర్వర్‌లో లాగిన్ ఉన్నది అతనికొక్కడికే. హెచ్‌టీటీపీడీలో దూరినా ఆ ప్రాసెస్ వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డైరెక్టరీలో సీహెచ్‌రూట్ అయి (ఆ డైరెక్టరీకే బందీ అయి) ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే ఎక్స్11ఆర్6 అనే డైరెక్టరీయే కనబడదు. పదిమందికి షెల్ అకౌంట్లిచ్చే మెషీన్ అయితే నీ మాటకి బలం ఉంది, ఒప్పుకుంటా. దీనికి లేదు.

డల్లాస్_నైట్‌షిఫ్ట్:
రూట్‌బాబు బ్రో లెక్కన కంప్ కూడా తీసేయాలిగా? కంపైలర్ ఉంటే దూరినవాడు అక్కడే ఎక్స్‌ప్లాయిట్ కంపైల్ చేసుకుంటాడని మా ఆఫీసు ఆడిట్‌వాళ్ళు ప్రతిసారీ రాస్తారు.

రూట్‌బాబు:
అవును, నేను కంప్ కూడా వేయను.

పాతకాపు:
ఆ ఆడిట్ మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఏఎమ్‌డీ64 (మామూలు 64 బిట్ పీసీ)కి బైనరీ తయారుచేసుకోవడానికి వాడికి నీ మెషీనే కావాలా? ఇంట్లో చేసుకుని తెచ్చుకుంటాడు. అదీ కాకపోతే కంపైలర్ అక్కర్లేని పెర్ల్ భాష బేస్‌లోనే ఉంది.

ఇంకోటి. 6.2 నుంచి, అంటే 2017 నుంచి, బూట్ అయిన ప్రతిసారీ ఓపెన్‌బీఎస్‌డీ వెనకాల కెర్నెల్ ముక్కల్ని వేరే వరుసలో మళ్ళీ లింక్ చేసి (కలిపి కట్టి) తర్వాతి బూట్‌కి సిద్ధం చేస్తుంది. కంప్ వేయని మెషీన్‌లో కూడా అది ఆగదు. ఎందుకంటే ఆబ్జెక్ట్ ఫైళ్ళూ, లింకర్ కూడా బేస్‌తోపాటే వస్తాయి. కాబట్టి "నా సర్వర్‌లో బిల్డ్ సామాను ఏమీ లేదు" అని కాగితం మీద రాసుకోవచ్చు గానీ మెషీన్‌లో అది నిజం కాదు.

సన్నజాజి_షెల్:
సెక్యూరిటీ దగ్గరే ఇద్దరూ తిరుగుతున్నారు. నాకు రోజూ తగిలేది వేరే. ప్యాకేజీలు.

ఎక్స్‌బేస్ పేరు చూసి అందరూ గ్రాఫిక్స్ తెర అనుకుంటారు. ఫాంట్ల పని చూసే ఫ్రీటైప్, ఫాంట్‌కాన్ఫిగ్ లైబ్రరీలు ఉండేది దాంట్లోనే. బొమ్మ గీసే ఏ ప్యాకేజీకైనా అవి కావాలి, తెర ఉన్నా లేకపోయినా. మా దగ్గర ఒక ఫైర్‌వాల్ పెట్టెలో ఎక్స్ సెట్లన్నీ తీసేసి ఇచ్చారు. బ్యాండ్‌విడ్త్ గ్రాఫులు కావాలన్నారు, ఆర్ఆర్‌డీటూల్ వేద్దామని పీకేజీ_యాడ్ (ప్యాకేజీ వేసే కమాండ్) కొట్టాను. డిపెండెన్సీలు ఒక్కొక్కటే దింపుకుంటూ వెళ్ళి ఫ్రీటైప్ లైబ్రరీ ఎక్కడా దొరకలేదని చెప్పి ఆగిపోయింది. పీహెచ్‌పీ జీడీ అయినా, గ్రాఫ్‌విజ్ అయినా ఇదే గతి. విమ్ లాంటివాటికి నో_ఎక్స్11 ఫ్లేవర్ (ఎక్స్ అక్కర్లేని రూపం) ఉంటుంది గానీ అన్నిటికీ ఉండదు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. అదే వెర్షన్ ఎక్స్‌బేస్ టార్‌బాల్ తెచ్చి, సిగ్నిఫైతో సంతకం సరిచూసి, రూట్ డైరెక్టరీలో నిలబడి టార్‌తో విప్పాలి. పీ ఆప్షన్ మర్చిపోకూడదు, లేకపోతే ఫైళ్ళ పర్మిషన్లు మారిపోతాయి. తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్‌కి మైనస్ ఎమ్ ఇచ్చి ఎక్స్11ఆర్6 లైబ్రరీ దారి చూపించాలి. ఆ తర్వాత సిస్‌ప్యాచ్ (ఎర్రాటా ప్యాచ్‌లు వేసే కమాండ్) మళ్ళీ నడపాలి. చాలామంది వదిలేసేది ఈ చివరిదే. విడుదల రోజు టార్‌బాల్‌లో ఉన్నవి ప్యాచ్ పడని ఫైళ్ళు కదా.

అందుకని నా లెక్క ఇది: ఎక్స్‌బేస్ ఉంచుకోండి, మిగతా మూడు ఎక్స్ సెట్లూ మీ ఇష్టం.

రూట్‌బాబు:
సుబ్బరంగా ఉంది సన్నజాజి గారూ, కానీ పిల్లి గారికి గ్రాఫులు అక్కర్లేదుగా? హెచ్‌టీటీపీడీ, ఎస్ఎంటీపీడీ రెండూ బేస్‌లోవే. ప్యాకేజీ ఒక్కటీ వేయకుండానే ఆయన పని అయిపోతుంది. రేపెప్పుడో కావాల్సి వస్తుందేమోనని ఇవాళ వేసుకోవడం నాకు నచ్చదు. మీరు చెప్పిన పద్ధతిలో ఆ రోజే విప్పుకోవచ్చు.

సిస్‌ప్యాచ్ కూడా దీనికి సిద్ధంగానే ఉంది. ఒక ప్యాచ్‌లోని ఫైళ్ళలో ఒక్కటీ సిస్టమ్‌లో లేకపోతే, ఆ సెట్ వేయలేదని అర్థం చేసుకుని ఆ ప్యాచ్‌ని దాటేస్తుంది. అంటే సెట్లు వదిలేసేవాళ్ళు ఉంటారని ప్రాజెక్టువాళ్ళకీ తెలుసు. మేమేదో నేరం చేస్తున్నట్టు మాట్లాడకండి.

డల్లాస్_నైట్‌షిఫ్ట్:
అవన్నీ సరే, ఆరు నెలలకోసారి వచ్చే అప్‌గ్రేడ్ సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి? అసలు గొడవంతా అక్కడ.

6.6 నుంచి అందరూ సిస్‌అప్‌గ్రేడే వాడుతున్నారు. మీరు ఇన్‌స్టాల్ రోజు ఏం వదిలేశారో దానికి పట్టదు. అన్ని సెట్లూ హోమ్ కింద _సిస్‌అప్‌గ్రేడ్ డైరెక్టరీలోకి దింపుతుంది, రీబూట్ చేస్తుంది, అన్నీ వేసేస్తుంది. ఇన్‌స్టాల్‌లో మైనస్ ఎక్స్ స్టార్ (ఎక్స్‌తో మొదలయ్యేవన్నీ వద్దని) కొట్టి అంత మురిసిపోయారా, ఆరు నెలల తర్వాత నాలుగు ఎక్స్ సెట్లూ దర్జాగా వచ్చి కూర్చుంటాయి. మీకు తెలియను కూడా తెలియదు. రూట్‌బాబు బ్రో, మీ సర్వర్లలో ఎక్స్11ఆర్6 లోపల ఒకసారి ఎల్ఎస్ కొట్టి చూడండి ప్లీజ్.

రూట్‌బాబు:
చూసే చెప్తున్నా, ఖాళీ. సిస్‌అప్‌గ్రేడ్‌కి మైనస్ ఎన్ ఇస్తే దింపి ఆగుతుంది, రీబూట్ చేయదు. అప్పుడు ఆ డైరెక్టరీలోంచి ఎక్స్‌తో మొదలయ్యేవి, గేమ్, కంప్ ఆర్ఎమ్ కొట్టేసి (డిలీట్ చేసి) నేనే రీబూట్ చేస్తా. యూఎస్ఆర్‌లో చోటు తక్కువైనవాళ్ళకి ప్రాజెక్ట్ అప్‌గ్రేడ్ పేజీలో చెప్పిన దారే ఇది. నాలుగైదు మెషీన్లకి ఒక చిన్న స్క్రిప్ట్ చాలు.

పాతకాపు:
ఈ దారిలో ఒక గుంట ఉంది, చెప్పకుండా పోతే తప్పు.

మొదటి రోజు నుంచీ లేని సెట్‌ని అప్‌గ్రేడ్‌లో తీసేస్తే నష్టం లేదు. కానీ 7.7 వేసినప్పుడు అన్నీ వేసుకుని, ఇలాంటి చర్చ చదివి 7.8 అప్‌గ్రేడ్‌లో మాత్రం ఎక్స్ టార్‌బాల్స్ ఆర్ఎమ్ చేశావనుకో. పాత సెట్ ఫైళ్ళని ఎవరూ తుడవరు. బేస్ కొత్తది, ఎక్స్ లైబ్రరీలు పాతవి. కొత్త ప్యాకేజీ ఫలానా లైబ్రరీ ఫలానా వెర్షన్ కావాలంటుంది, అక్కడ ఉన్నది పాత నంబర్‌ది. ఇంతకుముందు రూట్‌బాబు మెచ్చుకున్న సిస్‌ప్యాచ్ తెలివి కూడా ఇక్కడ బెడిసికొడుతుంది. ఫైళ్ళు ఉన్నాయి కదా అని సెట్ ఉన్నట్టే లెక్కేసి, 7.7 ఎక్స్ మీద 7.8 ప్యాచ్ ఫైళ్ళు పెడుతుంది. ఇది అన్నీ ఉండటం కన్నా అధ్వాన్నం, ఏమీ లేకపోవడం కన్నా అధ్వాన్నం.

అందుకే వదిలేసేదైతే ఇన్‌స్టాల్ రోజే వదిలేయాలి, ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ గుర్తుపెట్టుకుని వదిలేయాలి. నాకు ఆ గుర్తుపెట్టుకునే పనే వద్దు. డెవలపర్లు రోజూ వాడేదీ, పరీక్షించేదీ అన్నీ ఉన్న సిస్టమ్‌నే. నాదీ అలాగే ఉంటే చాలు.

డల్లాస్_నైట్‌షిఫ్ట్:
+1. పాతకాపు అన్నా ఇక్కడ కరెక్ట్. ఎవరు అప్‌గ్రేడ్ చేస్తారన్నదే అసలు ప్రశ్న. మీరు సెలవులో ఉండగా ఇంకొకరు ఉత్త సిస్‌అప్‌గ్రేడ్ కొట్టారనుకోండి, మీ సన్నటి సర్వర్ సంగతి ముగిసినట్టే.

సన్నజాజి_షెల్:
చాలా మెషీన్లున్నవాళ్ళు ఆటోఇన్‌స్టాల్ చూడండి. రెస్పాన్స్ ఫైల్‌లో సెట్ల ప్రశ్నకి జవాబు ఒకసారి రాసేస్తే అన్ని మెషీన్లూ ఒకే తీరుగా వస్తాయి. మీ కాన్ఫిగ్ ఫైళ్ళని సైట్78 అనే పేరుతో మీ సొంత సెట్‌గా కట్టి పక్కన పెడితే అది కూడా అందులోనే విప్పుకుంటుంది. పిల్లి గారి ఒక్క వీపీఎస్‌కి ఇదంతా అవసరం లేదనుకోండి.

మ్యాన్ సెట్ మాత్రం ఎవరూ తీయకండి బాబూ. అర్ధరాత్రి పీఎఫ్ (ఫైర్‌వాల్) రూల్స్‌తో నెట్‌వర్క్ మీరే తెంచుకుని ప్రొవైడర్ కన్సోల్‌లో కూర్చున్నప్పుడు మ్యాన్ పేజీ తప్ప దిక్కుండదు.

గట్టుమీద_పిల్లి:
అందరికీ థాంక్స్. ఇన్‌స్టాలర్‌లోంచి షెల్‌కి వెళ్ళి డీఎఫ్ (డిస్క్ చోటు చూపించే కమాండ్) చూశా. పాతకాపు గారు చెప్పినట్టే ఎక్స్11ఆర్6కి వేరే పార్టిషన్ పడి ఉంది. చోటు మిగులుతుందన్న ఆశ పోయింది.

అయినా ఎక్స్ తీసేస్తున్నా. నేను ప్యాకేజీలు వేయను, అప్‌గ్రేడ్ చేసేది నేనొక్కడినే, ఎక్స్ సర్వర్ ఎర్రాటా వచ్చిన ప్రతిసారీ ఇది నాకు వర్తిస్తుందా అని చదివే ఓపిక లేదు. కంప్, మ్యాన్ ఉంటాయి. మైనస్ ఎక్స్ స్టార్ కొట్టా, నాలుగు గుర్తులూ పోయాయి. గేమ్ కూడా ఉంచేశా, ఫార్చ్యూన్ (సరదా సూక్తులు చూపించే ప్రోగ్రామ్) కోసం.

రూట్‌బాబు:
ఎక్స్ తీసి ఆటలు ఉంచినవాణ్ణి మొదటిసారి చూస్తున్నా 😀

పాతకాపు:
సరే నీ ఇష్టం. ఆ ఆర్ఎమ్ లైన్ మాత్రం ఇవాళే ఒక స్క్రిప్ట్‌లో రాసి రూట్ హోమ్ డైరెక్టరీలో పెట్టు. 7.9 వచ్చాక ఎక్స్11ఆర్6లో ఏముందో చూసి ఇక్కడే రాయి.