‘క్యారిలాన్’ సరైనదా, ‘కరిల్యన్’ సరైనదా?

సుబేదారి_అమ్మ: బెల్జియం గంటల గోపురాల గురించి బడి వక్తృత్వ పోటీలో మాట్లాడుతూ మా అమ్మాయి అక్కడి గంటల వాద్యం (carillon) పేరును ‘కరిల్యన్’ అన్నందుకు న్యాయనిర్ణేత మార్కులు కోసి, ‘క్యారిలాన్’ అనాలని అందరి ముందే మందలించారు. ఏది సరైనదో, ఆ వాద్యాన్ని మన దేశంలో ఎక్కడ వినవచ్చో దయచేసి చెప్పండి.

షికాగో_హన్మకొండ: షికాగో విశ్వవిద్యాలయంలో రాక్‌ఫెల్లర్ చాపెల్ గోపురం మీద 72 కంచు గంటలున్న ఆ వాద్యం ఉంది. నేను అక్కడ చదివినన్నాళ్లూ అందరి నోటా ‘క్యారిలాన్’ అనే విన్నాను. న్యాయనిర్ణేత తప్పేమీ చెప్పలేదు.

విశ్రాంత_అధ్యాపకుడు: డిగ్రీ కళాశాలలో ధ్వనిశాస్త్రం బోధించినవాడిగా చెబుతున్నాను. బ్రిటిషు నిఘంటువులు ‘రి’ మీద ఊనికతో (దాన్ని నొక్కి పలుకుతూ) ‘కరిల్యన్’ అనీ, అమెరికా నిఘంటువులు మొదటి అక్షరం మీద ఊనికతో ‘క్యారిలాన్’ అనీ ఇస్తాయి. స్పెల్లింగులన్నీ బ్రిటిషు పద్ధతిలో రాయించే బడి, ఉచ్చారణకు వచ్చేసరికి అమెరికా పద్ధతినే పట్టుకుని మార్కులు కోయడం అన్యాయం.

కాజీపేట_జంక్షన్: చర్చి గంట వింటూ పెరిగినవాళ్లం, గంటను గంట అంటే చాలదా? ఇంత రాద్ధాంతం దేనికి?

విశ్రాంత_అధ్యాపకుడు: చాలదు. స్వరాలకు శ్రుతి చేసిన కంచు గంటలు కనీసం 23 ఉంటేనే ఆ పేరు చెల్లుతుంది. గంటలు ఊగవు, వాదకుడు కర్రమీటలను పిడికిళ్లతో కొడుతూ, పెడళ్లను కాళ్లతో తొక్కుతుంటే, తీగలు లాగిన గంట నాలుకలు మాత్రమే కదులుతాయి.

ఫ్రెంచి_విద్యార్థిని: మాట ఫ్రెంచి వారిది. వారి నోట ‘ల’కారమే వినిపించదు, ‘కరియోఁ’ అని ముక్కుతో ముగుస్తుంది. 1922లో ఈ వాద్యానికి బడి వెలసిన బెల్జియం నగరం మెచెలెన్‌లోనైతే డచ్ భాషలో ‘బైయార్ట్’ అంటారు. మీ ఇద్దరి పట్టుదలకూ అర్థం లేదు.

షికాగో_హన్మకొండ: పోటీ జరిగింది ఇంగ్లిషులో, ఫ్రెంచిలో కాదు. సార్, చెవులారా విన్న నా మాటను తప్పనడం మీకు తగదు.

విశ్రాంత_అధ్యాపకుడు: మీ మాట తప్పని నేనెక్కడ అన్నాను? పాప మాట కూడా ఒప్పేనని అన్నాను. ఆ రెండింటికీ తేడా చూడండి.

పరకాల_టీచర్: మన పిల్లలు అక్షరాలన్నీ ఒకే బరువుతో పలుకుతారు, ఊనిక ఎక్కడ పడాలో నేర్పేవారే లేరు. నేను ముందు ‘మిల్యన్’ అనిపించి, తరువాత ‘మి’ స్థానంలో ‘రి’ పెట్టించి, దాని ముందు ‘క’ను తేలికగా చేర్పిస్తాను. ‘రి’ దగ్గర బల్ల మీద తట్టమంటే పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది.