బరువు వల్ల పడే కష్టాన్ని ప్రశ్నలతో కొలవొచ్చా?

పెన్నాగట్టు (కడప): మా చెల్లెలు బరువు తగ్గే ఆపరేషన్ గురించి కనుక్కోవడానికి పోతే ఐడబ్ల్యూక్యూఓఎల్-లైట్ అనే ప్రశ్నల కాగితం నింపించారు. 31 ప్రశ్నలు. ఒంటి కదలిక, తనమీద తనకున్న గౌరవం, దాంపత్యం, నలుగురిలో ఇబ్బంది (బయట సీట్లో పడతావా లాంటివి), పని. సున్నా నుంచి 100 దాకా మార్కులు, ఎక్కువ వస్తే బాగున్నట్టు. దీన్ని నమ్మొచ్చా?

బురుజు (కర్నూలు): నమ్మొద్దు. మనవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ఇంత తేటగా కొలతలుంటే సీట్లో పడతావా అని అడగడం ఏం వైద్యం? మన బస్సుల్లో ముగ్గురి సీటులో సన్నటివాళ్లకే చోటుండదు.

ఆదోనోడు: నిజమే, నేను 52 కిలోలు, నాకే చాలదు.

అనంతక్క: బీఎంఐ లెక్క 1832లో బెల్జియం గణితవేత్త క్వెట్లెట్ వేసింది, జనాభా సగటు కోసం. ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరిలో ఒకామె రోజంతా కలుపు తీస్తుంది, ఇంకొకామె రెండు మెట్లెక్కి కూర్చుంటుంది. ఆ తేడా అడిగితేనే తెలుస్తుంది.

బురుజు: సీటు సంగతి చెప్పండక్కా. అది బస్సు తప్పా, బరువు తప్పా?

అనంతక్క: ఎవరి తప్పైనా పెళ్లికి పోవడం మానుకునేది ఆ మనిషే కదా! అందుకే అడుగుతారు. ఎన్నిసార్లు సీటు పట్టుకుని వేలాడతారు?

బురుజు: అయితే వినండి. మా నాయన ఎప్పుడడిగినా "నాకేం, బాగుండా" అనేవాడు. మీ కాగితం ఇచ్చుంటే 100కి 100 వేసుకునేవాడు. పడిపోయి ఆసుపత్రిలో చేర్చినాక తెలిసింది షుగర్ ఉందని. మనిషి మాట మీద వదిలేస్తే ఇట్లుంటుంది.

అనంతక్క: ఆ బాధ పెద్దదే అన్నా. కానీ నేను నీరసమని, మోకాళ్ల నొప్పులని ఎంతమంది దగ్గర మొత్తుకున్నా తూకం చూసి "తిండి తగ్గించమ్మా" అని పంపారు. థైరాయిడ్ పరీక్ష చాలా కాలానికి గానీ ఎవరూ రాయలేదు. మీరు మాటను నమ్మొద్దంటున్నారు. నా మాట ఎవరూ నమ్మకే నేను పాడైపోయాను.

గుత్తికోట: 2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది ఇదే. బీఎంఐ ఒక్కటే చూసి జబ్బని తేల్చొద్దని, అవయవాలు దెబ్బతిన్నాయా, స్నానం, బట్టలు కట్టుకోవడం, నడక లాంటి రోజు పనులకు అడ్డమవుతుందా చూడమని. రెండూ కావాలి.

పెన్నాగట్టు: ఇంకో మాట. ఆ కాగితాన్ని హాల్లో అందరి ముందే గట్టిగా చదివి టిక్కులు పెట్టారు. పక్కన అత్తగారు. దాంపత్యం ప్రశ్నలన్నింటికీ చెల్లెలు "ఇబ్బందేం లేదు" అనేసింది.

బురుజు: చూశారా, ఆ మార్కుకు విలువేముంది?

అనంతక్క: చదివిన తీరుది ఆ తప్పు. తమ్ముడూ, కాగితం తనకే ఇచ్చి గదిలో ఒంటరిగా నింపనివ్వమని అడుగు. ఆపరేషన్ తర్వాత మళ్లీ నింపి పోల్చాలంటే ముందుది నిజంగా ఉండాలి.

బురుజు: అడుగు. గడిచిన మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా రాయించు, బాగుండా అన్నా సరే.