అప్‌డేట్: ఎవరికీ చెప్పవద్దన్న విద్యార్థిని విషయంలో ఏం జరిగింది

కౌన్సెలింగ్‌కు వచ్చే పదహారేళ్ళ విద్యార్థిని, బంధువొకరు తనను లైంగికంగా వేధిస్తున్నాడని చెప్పి, ఈ మాట బయటకు పొక్కనివ్వవద్దని ప్రాధేయపడితే కౌన్సెలర్‌గా గోప్యతను ఎంతవరకు పాటించాలని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చినవారికి కృతజ్ఞతలు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి నేరం తెలిసినవారెవరైనా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ స్థానిక పోలీసులకు గానీ తెలియజేసి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 23వ సెక్షన్ కూడా గోప్యతను హక్కుగా గుర్తిస్తూనే, ప్రాణాపాయం వంటి సందర్భాలకు మినహాయింపు ఇచ్చింది. ఇక నా చేతిలో మిగిలింది ఎలా చెప్పాలన్న ఒక్కటే.

ఫిర్యాదుకు ముందే ఆ అమ్మాయికి విషయం చెప్పాను. ఏడ్చింది, నా మీద కోపగించుకుంది, చివరికి "అమ్మకు మీరే చెప్పండి మేడమ్" అంది. వాంగ్మూలానికి మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చారు. (చట్టమూ అదే చెబుతుంది, కానీ పాటించడం చూసినప్పుడు నిజంగా ఊరట కలిగింది.) నేరానికి సంబంధించిన వివరాలు మాత్రమే పోలీసులకు రాసిచ్చాను, చదువు, స్నేహాల గురించి ఆమె చెప్పుకున్నవి నా ఫైలులోనే ఉన్నాయి.

కళాశాల యాజమాన్యం ఆ ఫైలు చూపమని అడిగింది. నిరాకరిస్తూ లిఖితపూర్వకంగా జవాబిచ్చాను. సెషన్లు కొనసాగుతున్నాయి.